జట్టు కాగితం మీద... ఆటగాడు ఇకామా మీద!

2025 నవంబరు 8వ తేదీన కువైట్‌లో మన తెలుగువాళ్ళ ఫోన్లన్నీ ఒకటే మోత. హాంకాంగ్ సిక్సెస్ పోటీల్లో దినేష్ కార్తీక్ నాయకత్వంలోని భారత జట్టును యాసిన్ పటేల్ నాయకత్వంలోని కువైట్ జట్టు 27 పరుగుల తేడాతో ఓడించింది. ఆరుగురే ఆడే ఆట, ఆరే ఓవర్లు. సరదా పోటీ అనుకోండి. అయినా గెలుపు గెలుపే కదా! కువైట్ అక్కడితో ఆగకుండా ఫైనల్ దాకా వెళ్ళి పాకిస్తాన్ చేతిలో ఓడింది. పుట్టిన దేశం ఓడినందుకు బాధపడాలో, కూడు పెడుతున్న దేశం గెలిచినందుకు సంతోషించాలో తెలియక మన క్యాంపుల్లో ఆ రాత్రి చాలామంది రెండూ చేశారు.

అంతకు సరిగ్గా నెల ముందు జరిగినది మాత్రం ఎవరికీ అంతగా గుర్తులేదు. అదే అక్టోబరులో ఒమన్‌లో 2026 టీ20 ప్రపంచ కప్పుకి ప్రాంతీయ ఫైనల్ పోటీలు జరిగాయి. నేపాల్, జపాన్, కువైట్ ఒక గ్రూపు. నేపాల్, జపాన్ తర్వాతి దశకు చేరాయి. కువైట్ పెట్టె సర్దుకుని వెనక్కి వచ్చింది. క్రికెట్ అంటే ఏమిటో వీధుల్లో చాలామందికి తెలియని జపాన్ ముందుకు వెళ్ళింది. దాదాపు పది లక్షలమంది భారతీయులు, వాళ్ళకు తోడు పాకిస్తాన్, శ్రీలంక, బంగ్లాదేశ్ వాళ్ళు ఉన్న కువైట్ ఆగిపోయింది.

ఒక నెలలో రెండు ముఖాలు. ప్రతిభ లేదనడానికి వీల్లేదు. 2022 ఆగస్టులో ఆసియా కప్ అర్హత పోటీల్లో యూఏఈని ఒక్క వికెట్ తేడాతో ఓడించినదీ ఈ జట్టే. 2024లో మలేషియాలో జరిగిన ఉప ప్రాంతీయ పోటీల్లో పైకి వచ్చిన రెండు జట్లలో ఒకటీ ఇదే. మరి లోపం ఎక్కడుంది? ఈ వ్యాసకర్త అభిప్రాయంలో లోపం బ్యాటులోనూ లేదు, బంతిలోనూ లేదు. ఆటగాళ్ళ జాబితాలో ఉంది. ఇంకా చెప్పాలంటే, ఆ జాబితాను ఎవరు రాస్తున్నారన్న దానిలో ఉంది.

సబ్హాన్‌లో గురువారం రాత్రి

సబ్హాన్ గురించి మన పాఠకులకు చెప్పనవసరం లేదు. విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న పారిశ్రామిక వాడ. పాల ఫ్యాక్టరీలు, గిడ్డంగులు, గ్యారేజీలు, వాటి వెనకాల మనవాళ్ళ క్యాంపులు. కడప, రాజంపేట, రాయచోటి కుర్రాళ్ళు, కోనసీమ కుర్రాళ్ళు, కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళు ఒకే బస్సులో డ్యూటీకి వెళ్ళే చోటు. నేను ఇక్కడ ఒక శుక్రవారం జట్టుకి నాలుగు సీజన్లు స్కోరు పుస్తకం పట్టుకున్నాను. పేరుకి స్కోరరుని, చేసిన పని మాత్రం ఆటగాళ్ళను పోగెయ్యడం!

ఆదివారం నాటికి నా ఫోనులో 22 పేర్లు ఉండేవి. సోమవారం ఇద్దరికి నైట్ డ్యూటీ పడేది. మంగళవారం ఒకడికి ఇకామా రెన్యువల్ కోసం వేలిముద్రల పని. బుధవారం మరొకడు, "అన్నా, ఊర్లో చెల్లెలి పెండ్లి, టిక్కెట్టు దొరికింది, పోతాండా" అనేవాడు. గురువారం రాత్రి ఫోర్‌మన్ ఓవర్‌టైం ప్రకటించాడంటే ఒకేసారి అయిదుగురు మాయం. శుక్రవారం తెల్లవారి మైదానానికి చేరేసరికి తొమ్మిదిమంది! పక్క జట్టులో ఆడే అవకాశం రానివాళ్ళను ఇద్దరిని బతిమాలి తెచ్చుకుని పదకొండు చేసేవాళ్ళం.

నవ్వులాటగా కనిపిస్తుంది గానీ, జాతీయ జట్టు దాకా ఇదే కథ, ఇంకాస్త పెద్ద అక్షరాలతో. కువైట్‌కి ఆడేవాళ్ళలో చాలామంది ముందు ఉద్యోగులు, తరవాతే ఆటగాళ్ళు. సెలెక్టర్ ఒక జాబితా రాస్తాడు. దాన్ని ఇకామా, షిఫ్టు, కఫీల్ కలిసి దిద్దుతారు.

జాబితా నడపడమే ఒక ఉద్యోగమైన చోటు

ఇప్పుడు కాస్త దూరం వెళ్దాం. మెల్‌బోర్న్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ళను అడగండి, అక్కడ చలికాలం వచ్చిందంటే ఊరంతా "ఫుటీ" మాటే అంటారు. మన ఫుట్‌బాల్ కాదు, రగ్బీ కూడా కాదు. కోలగుడ్డు ఆకారం బంతితో గుండ్రటి మైదానంలో ఒక్కో వైపు 18 మంది ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్. ఏఎఫ్ఎల్ అనే ఆ లీగులో 18 క్లబ్బులున్నాయి. ప్రతి క్లబ్బులోనూ కోచ్‌తో పాటు లిస్ట్ మేనేజర్ అని ఒక మనిషి ఉంటాడు. కోచ్ ఈ వారం మ్యాచ్ గురించి ఆలోచిస్తే, ఈయన అయిదేళ్ళ తర్వాతి జట్టు గురించి ఆలోచిస్తాడు. ఎవరి వయసెంత, ఎవరి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, మోకాలు దెబ్బతిన్నవాడి స్థానంలో ఎవరు, రెండేళ్ళలో రిటైరయ్యే వాడికి వారసుడెవరు... ఇదే అతని పని.

ఆ పద్ధతి ఊరికే రాలేదు. ఒకప్పుడు విక్టోరియా రాష్ట్రంలోని పల్లె ప్రాంతాలను జోన్లుగా విడగొట్టి క్లబ్బులకు పంచేవారు. మంచి ఆటగాళ్ళు పుట్టే జోను దక్కిన క్లబ్బు పంట పండేది, దక్కని క్లబ్బు ఎండిపోయేది. డబ్బున్న క్లబ్బులు పోటీపడి ఆటగాళ్ళను కొన్నాయి, లేని క్లబ్బులు అప్పులపాలయ్యాయి. సౌత్ మెల్‌బోర్న్ 1982లో ఊరు వదిలి సిడ్నీకి తరలిపోయింది. ఫిట్జ్‌రాయ్ క్లబ్బు తన ఆటను 1996తో ముగించి బ్రిస్బేన్‌లో కలిసిపోయింది. ఈ మధ్యకాలంలోనే లీగు కళ్ళు తెరిచింది. 1986లో డ్రాఫ్ట్ పెట్టారు. అంటే కొత్త కుర్రాళ్ళను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకోవాలి, కిందటి ఏడాది అట్టడుగున ఉన్న క్లబ్బుకి మొదటి వంతు. 1987లో జీతాల మీద పరిమితి పెట్టారు. ఒక్కో క్లబ్బు జాబితా నలభై మందికి కాస్త అటూ ఇటూగా ఆగాలి. ఎంత డబ్బున్నా అందరినీ కొనేసి బెంచీ మీద కూర్చోబెట్టడానికి లేదు.

ఇంకో రెండు ముచ్చట్లు చెప్పి మన ఊరికి వచ్చేస్తాను. ఒకటి, తండ్రీకొడుకుల నియమం. తండ్రి ఒక క్లబ్బుకి వంద మ్యాచులు ఆడి ఉంటే కొడుకును తీసుకోవడంలో ఆ క్లబ్బుకి ప్రత్యేక హక్కు ఉంటుంది. రెండోది, బయటివాళ్ళను వెతకడం. 1984లో మెల్‌బోర్న్ క్లబ్బు ఐర్లండ్ నుంచి జిమ్ స్టైన్స్ అనే డబ్లిన్ కుర్రాడిని తెచ్చుకుంది. అతను ఆడినది గేలిక్ ఫుట్‌బాల్. ఈ ఆట అతనికి కొత్త. ఓపికగా నేర్పారు. 1991లో లీగులో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో పతకం అతని మెడలో పడింది. వరసగా 244 మ్యాచులు ఆడిన రికార్డు కూడా అతనిదే. మన క్యాంపుల్లో టెన్నిస్ బంతితో సిక్సర్లు బాదే కుర్రాళ్ళను చూసినప్పుడల్లా నాకు ఈ స్టైన్సే గుర్తొస్తాడు. తోలు బంతి చేతికిచ్చి రెండేళ్ళు నేర్పేవాడు దొరికితే ఎంతమంది బయటపడతారో!

మన జాబితాకు మూడు చిల్లులు

అసలు విషయానికి వద్దాం. ఐసీసీ నిబంధనల ప్రకారం ఒక దేశానికి ఆడడానికి మూడు దారులు. ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా ఆ దేశ పౌరుడై ఉండాలి, లేదా అంతకు ముందు వరసగా మూడేళ్ళు అక్కడ నివసించి ఉండాలి. కువైట్ పౌరసత్వం మనకు అందే పండు కాదు. కాబట్టి మిగిలినవి మొదటిదీ, మూడోదీ.

మొదటి చిల్లు మూడేళ్ళ గడియారం. కంపెనీ మారినా గడియారం ఆగదు, ఐసీసీకి కావలసింది దేశంలో నివాసం. కానీ మన బతుకుల్లో కంపెనీ మారడమంటే మాటలా? రిలీజ్ దొరకని వాడు క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోతాడు. ఏడాది తర్వాత కొత్త వీసా మీద వస్తాడు. గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలు. రెండేళ్ళ పది నెలలకు వెళ్ళిపోయిన వాడు, ఇంకో రెండు నెలలుంటే జాతీయ జట్టు సెలెక్షనుకి అర్హుడయ్యేవాడని ఎవరికైనా తెలుసా? ఎవరూ రాసుకోరు కాబట్టి ఎవరికీ తెలియదు. ఏ ఆటగాడికి ఏ నెలలో మూడేళ్ళు నిండుతాయో చెప్పే కాగితం ఒకటి మన క్లబ్బుల్లో ఉందా? నా నాలుగు సీజన్లలో నేనూ రాయలేదు. తప్పు నాది కూడా.

రెండో చిల్లు సరిహద్దు దగ్గర ఉంది. 2025 జూలై 1 నుంచి 18 నంబరు ఇకామా మీద ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్ళు దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ తప్పనిసరి. ఇంటికి పోవడానికైనా అదే, ఆటకు పోవడానికైనా అదే. కంపెనీ సరేనంటే సరే. లేదంటే? సెలెక్టర్ పదిహేనుమంది పేర్లు ప్రకటించవచ్చు, విమానం ఎక్కేది ఎవరో పదిహేను ఆఫీసుల్లో తేలుతుంది. సెలవు అనేది కంపెనీ హక్కని నేను కాదనను. రొట్టెల ఫ్యాక్టరీలో రొట్టెలు ఆగకూడదు. కానీ ఆర్నెల్ల ముందే తేదీలు చెప్పి, రాతపూర్వకంగా సెలవు అడిగి, ఫలానావాడు లేని వారం ఇంకొకడు డ్యూటీ చేసేలా ఏర్పాటు చేసుకుంటే చాలామంది మేనేజర్లు కాదనరు. చివరి వారంలో మందూబ్ కాళ్ళ మీద పడితే మాత్రం ఎవరైనా విసుక్కుంటారు.

మూడో చిల్లు అన్నిటికన్నా పెద్దది, మన కళ్ళెదుటే ఉన్నది. మన పిల్లలు. కువైట్‌లో పుట్టిన తెలుగు బిడ్డకు కువైట్ పాస్‌పోర్టు రాదు. కానీ పుట్టిన దేశం కాబట్టి కువైట్ జట్టుకు ఆడే అర్హత ఉంది! ప్రభుత్వం ఇవ్వనిది ఆట ఇస్తోంది. ఆడపిల్లలకూ అంతే. 2019 ఫిబ్రవరిలో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా అర్హత పోటీల్లో కువైట్ మహిళల జట్టు కూడా ఆడిందన్న సంగతి మనలో ఎంతమందికి గుర్తు?

మరి ఆ పిల్లలు ఏమవుతున్నారు? పన్నెండో తరగతి అవగానే హైదరాబాదు, విజయవాడ, బెంగుళూరు. ఇంజనీరింగ్ సీటు. అనుమతి లేకుండా ఆరు నెలలు దాటి బయట ఉంటే ఇకామా చిక్కు. ఇక్కడ పెరిగి, ఎక్కడో పుట్టినవాడికి మూడేళ్ళ నివాసం తెగిపోతుంది. కానీ ఇక్కడే పుట్టినవాడికి పుట్టుక ఎక్కడికీ పోదు. విశాఖపట్నంలో చదువుతున్నా వాడు కువైట్ ఆటగాడే. ఆస్ట్రేలియా క్లబ్బు వంద మ్యాచులు ఆడిన తండ్రి కొడుకును పుట్టిన రోజు నుంచీ లెక్కలో పెట్టుకుంటుంది. మనం మన పిల్లలను పన్నెండో తరగతి వీడ్కోలు పార్టీతో మరిచిపోతాం.

విజయవాడ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా

ఇదంతా కలగా అనిపిస్తే, మన తెలుగువాడి కథే ఒకటి వినండి. తేజ నిడమనూరు విజయవాడలో పుట్టాడు. న్యూజిలాండ్‌లో పెరిగి ఆక్లండ్ తరఫున ఆడాడు. అక్కడ పైమెట్టు దొరకక నెదర్లాండ్స్ వెళ్ళాడు. ఒక పక్క ఉద్యోగం, ఒక పక్క క్లబ్బు క్రికెట్. నివాసం లెక్క పూర్తి కాగానే 2022 మే నెలలో వెస్టిండీస్ మీద అంతర్జాతీయ వన్డేల్లో అడుగుపెట్టి అర్ధ శతకం కొట్టాడు. 2023 జూన్‌లో హరారేలో అదే వెస్టిండీస్ మీద 111 పరుగులు చేసి మ్యాచుని టై చేయించాడు, సూపర్ ఓవర్లో నెదర్లాండ్స్ గెలిచింది. ఆ ఏడాది ప్రపంచ కప్ ఆడడానికి తను పుట్టిన దేశానికే వచ్చాడు.

తేజ ప్రతిభావంతుడే, సందేహం లేదు. కానీ ఉద్యోగం చేసుకుంటూ క్లబ్బులో ఆడుతున్న ఒక కుర్రాడిని చూసి, ఫలానా తేదీకి వీడు మనకు అర్హుడవుతాడని లెక్క పెట్టుకున్న దేశం ఉంది కాబట్టే ఆ ప్రతిభ హరారే దాకా వెళ్ళింది. సబ్హాన్‌లో అలాంటి లెక్క పెట్టేవాడు లేడు.

ఆట కోసం తెచ్చి...

ఇంకో సంగతి రాయడం కష్టంగానే ఉంది. అయినా రాయాలి. కంపెనీ జట్లు గెలవాలన్న ఉబలాటంతో కొన్నిసార్లు ఊళ్ళ నుంచి ఆటగాళ్ళనే తెచ్చుకుంటారు. "వచ్చేయ్ రా, తేలిక పని, శుక్రవారం ఆట" అని ఫోనులో మాట. కొన్నేళ్ళ క్రితం మా జట్టుకి ఎదురు ఆడిన ఒక జట్టులోకి కడప జిల్లా నుంచి అలాగే ఒక ఫాస్ట్ బౌలర్ వచ్చాడు. బంగారం లాంటి బౌలింగు. రెండో సీజన్లో వెన్ను పట్టేసింది. మూడు వారాలు జట్టు వాళ్ళు వచ్చి పలకరించారు. ఆ తర్వాత స్టోర్ రూములో తేలిక పని కాస్తా లోడింగ్ పని అయ్యింది. వెన్ను పట్టేసినవాడికి బస్తాలు మొయ్యడం! అడిగితే, "నీ కాంట్రాక్టులో ఏముంది? లేబర్ అని ఉంది కదా" అన్నారు. నిజమే, కాగితంలో క్రికెట్ అన్న మాటే లేదు. కాగితం ఒకటి, మాట ఒకటి. ఇల్లు తాకట్టు పెట్టి వీసాకు డబ్బు కట్టిన కుటుంబం వాడిది. ఆ అప్పు తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. వాడు మళ్ళీ బంతి పట్టలేదు.

ఏఎఫ్ఎల్‌లో ఆటగాళ్ళను వ్యాపార వస్తువుల్లా మార్చుకుంటారని విమర్శ ఉంది, అందులో నిజమూ ఉంది. కానీ అక్కడ గాయపడినవాడికి ఒప్పందం ఉంటుంది, అడగడానికి ఆటగాళ్ళ సంఘం ఉంటుంది. మన దగ్గర మార్చుకోవడం ఉంది, ఒప్పందం లేదు.

ఏం చెయ్యొచ్చు?

"శుక్రవారం నాలుగు గంటలు ఆడుకునే ఆటకి ఇంత చాదస్తం అవసరమా?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. కోట్ల డాలర్ల లీగుతో మనకు పోలికేమిటనీ అనవచ్చు. నిజమే. కానీ ఇక్కడ నేను చెప్పబోయే వాటికి డబ్బు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం చాలు.

మొదటిది, ప్రతి జట్టూ ఒక పట్టిక రాసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం, కువైట్ వచ్చిన తేదీ, ఇకామా ఏ నంబరుది, ఎప్పటిదాకా ఉంది, ఏ షిఫ్టు. ఆరు నెలలకోసారి సరిచూసుకోవాలి. ఎవరికి మూడేళ్ళు నిండబోతున్నాయో ఆ పట్టికే చెబుతుంది.

రెండోది, ఆట పేరు చెప్పి ఎవరినైనా పిలిస్తే ఒక పేజీ కాగితం తెలుగులో రాసివ్వాలి. పనేమిటి, గంటలెన్ని, జీతమెంత, దెబ్బ తగిలితే ఏం చేస్తారు. ప్రభుత్వ రికార్డులో ఉన్న కాంట్రాక్టే చెల్లుతుందని, మిగతావన్నీ మాటలేనని ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మానాన్నలకు కూడా అర్థమయ్యేలా చెప్పాలి. అలా రాసివ్వలేని జట్టు ఎవరినీ పిలవకపోవడమే మేలు.

మూడోది, మన లీగుల్లో కొత్తవాళ్ళకి డ్రాఫ్ట్. కొత్తగా వచ్చి ఏ జట్టూ లేని కుర్రాళ్ళ పేర్లు సీజన్ మొదట్లో ఒకచోట చేర్చి, కిందటి ఏడాది చివర ఉన్న జట్టుకి మొదటి వంతు ఇవ్వడం. దీనికి అడ్డు చెప్పేవాళ్ళు ఉంటారు. రాజంపేట వాళ్ళు రాజంపేట వాళ్ళతోనే ఆడాలనుకుంటారు. పరాయి దేశంలో వారానికి ఒక్క పూట సొంత యాసలో తిట్టుకోవడానికైనా ఆ జట్టు కావాలి, ఆ సుఖం నాకూ తెలుసు. కాబట్టి పాతవాళ్ళ జోలికి పోవద్దు. కొత్తవాళ్ళలో ఇష్టపడినవాళ్ళకే ఈ పద్ధతి. ఊరి జోన్లతో ఆస్ట్రేలియా ఏం నష్టపోయిందో మనం మళ్ళీ నష్టపోయి తెలుసుకోనక్కరలేదు.

నాలుగోది, పిల్లల పట్టిక. మన తెలుగు సంఘాలు ఉగాదికీ, సంక్రాంతికీ పిల్లల చేత పాటలు పాడిస్తున్నాయి, సంతోషం. అదే రోజు క్రికెట్ ఆడే పిల్లల పేర్లు, వాళ్ళు పుట్టిన దేశం రాసుకుంటే ఎంత పని? చదువుకి ఇండియా వెళ్ళినవాళ్ళ ఫోను నంబరు ఉంచుకుని, వేసవి సెలవుల్లో తల్లిదండ్రుల దగ్గరకు వచ్చేది ఎప్పుడో అడిగితే చాలు. వేసవిలో మైదానంలో నిలబడలేం సరే, ఇండోర్ నెట్లు ఉన్నాయి కదా!

వీటితో అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ వస్తోంది. ఒలింపిక్స్‌లో మాత్రం పౌరసత్వం తప్పనిసరి, కాబట్టి ఇకామా మీద ఆడేవాళ్ళకు ఆ గుమ్మం మూసే ఉంటుంది. కువైటీ పిల్లలు బ్యాటు పడితే తప్ప ఈ దేశపు క్రికెట్ పూర్తిగా నిలబడదన్నదీ నిజం. ఆ పని మనది కాదు. మన చేతిలో ఉన్నది మన జాబితా ఒక్కటే.

ఇల్లు అలకగానే పండగ కాదంటారు. భారత జట్టును ఆరు ఓవర్ల ఆటలో ఓడించడం ఇల్లు అలకడం. వచ్చే శుక్రవారం తెల్లవారి సబ్హాన్ నుంచి బస్సు కదిలే ముందు, కెప్టెన్లకు నాదొక మనవి. పదకొండుమందిని లెక్కపెట్టే ముందు ఒక్కొక్కరినీ ఒక్క ప్రశ్న అడగండి: "తమ్ముడూ, నువ్వు కువైట్‌కి ఏ తేదీన వచ్చావు?" చెప్పింది రాసుకోండి. నేను నాలుగు సీజన్లలో చెయ్యని పని అది.